వేడినీటి బుగ్గల దగ్గర కొన్ని రోజులు: నా అనుభవం

మెడ దగ్గర మొదలై భుజాల దాకా పట్టేసినట్టుండేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, ఆ తర్వాత ఎంత దొర్లినా నిద్ర పట్టేది కాదు. కొన్ని నెలలపాటు ఇదే వరస. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ అని తేలింది. "టెన్షన్ తగ్గించుకోండి, ఎక్కడికైనా వెళ్లి రండి" అన్నారు డాక్టర్.

స్పాలంటే నాకు మొదటి నుంచీ అంత నమ్మకం లేదు. కొవ్వొత్తులు, పూలరేకులు, కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని నవ్వుతున్న మొహాలు... ఆ ప్రకటనలు చూస్తే సబ్బు యాడ్‌లాగే అనిపించేది. మా ఆయన పట్టుబట్టి, కొండల మధ్య వేడినీటి బుగ్గల పక్కన కట్టిన ఒక రిసార్టులో గది బుక్ చేశారు. వద్దంటూనే ఒప్పుకున్నాను.

బుక్ చేసినప్పటి నుంచే మనసు కాస్త తేలికపడింది. ఆఫీసులో ఎవరైనా విసిగిస్తే "ఇంకెంత, వెళ్లిపోతాగా" అనుకునేదాన్ని. ఇది నా ఒక్కదానికే కాదట. నెదర్లాండ్స్‌లో పదిహేను వందల మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశీలన 2010లో వెలువడింది. సెలవులకి ఊరెళ్లబోయేవాళ్లు, వెళ్లనివాళ్లకంటే ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారని అందులో తేలింది. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు. సెలవు చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవాళ్లకే ఆ సంతోషం కొన్నాళ్లు నిలిచింది. ఆ "చాలా ప్రశాంతంగా" అన్నదాంట్లోనే అసలు సంగతి ఉందని అక్కడికి వెళ్లాక తెలిసింది.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు. అలసిపోయి చేరాం. గది బాగుంది, పరుపు మెత్తగా ఉంది, కిటికీ తెరిస్తే కొండ. అయినా ఆ రాత్రి ఇంట్లోకంటే అధ్వాన్నంగా పడుకున్నాను. ఎక్కడో తలుపు చప్పుడైతే చాలు కళ్లు తెరుచుకునేవి. కొత్త చోట మొదటి రాత్రి ఇలాగే ఉంటుందని నిద్ర మీద పనిచేసేవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. 2016లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దానికి కారణం కూడా చూపించారు. మొదటి రాత్రి మెదడులో ఒక సగం, ముఖ్యంగా ఎడమవైపు, రెండోదాని అంత గాఢంగా నిద్రపోదు, చిన్న శబ్దాన్ని కూడా పట్టేస్తూ కాపలా కాస్తుంది. అందుకే ఒక్క రాత్రి ప్యాకేజీలంటే నాకు నమ్మకం పోయింది. కాపలా దిగకముందే గది ఖాళీ చేయాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే నీళ్లలో దింపుతారనుకున్నాను. ముందు ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టారు. బీపీ చూశారు. గుండె జబ్బు ఉందా, గర్భమా, ఏం మందులు వాడుతున్నారు, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డారా అని వరసగా అడిగారు. కడుపునిండా తిని దిగొద్దన్నారు, మందు తాగి అసలే దిగొద్దన్నారు. ఈ ప్రశ్నలు అడగని చోట వేడినీళ్లలోకి దిగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వేడికి రక్తనాళాలు వెడల్పయి బీపీ పడిపోతుంది. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి అది మరీ కిందికి పోవచ్చు.

ఆ తర్వాత ఫోన్ తీసుకుని లాకర్‌లో పెట్టించారు. ఇది బలవంతమేమీ కాదు గానీ, ఫోన్‌తో లోపలికి వెళ్లడానికి వీల్లేదు. బట్టలు మార్చుకోవడానికి ఒక గది, అందరికీ ఒకేలాంటి తెల్ల గౌను, ఒకేలాంటి చెప్పులు. నాకు కొత్తవాళ్ల ముందు ఒళ్లు కనిపించేలా ఉండాలంటే మహా ఇబ్బంది. ఆ గౌను వల్ల సగం బెరుకు పోయింది. ఎవరు ఏం ఉద్యోగం చేస్తారో, ఎవరి దగ్గర ఎంత ఉందో ఆ గౌనులో తెలియదు. ఎవరినీ చూసి పోల్చుకునే పని లేదు. లోపల అద్దాలు కూడా దాదాపు లేవు. కావాలని చేశారో, ఆవిరికి మసకబారతాయని వదిలేశారో గానీ, కొన్ని గంటలపాటు నా మొహం నాకు కనిపించకపోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీళ్లలోకి దిగేముందు సబ్బుతో స్నానం చేసి రమ్మన్నారు. ఇదేదో మర్యాద కోసం పెట్టిన నియమం అనుకుంటారు చాలామంది. కొలనుల దగ్గర కళ్లు మండించే క్లోరిన్ వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టని మనం అనుకుంటాం కదా, నిజానికి అది దాదాపు తలకిందులు. క్లోరిన్ మన చెమటతోనూ, మూత్రంతోనూ కలిసి తయారయ్యే క్లోరమిన్ల వాసన అది. అందరూ శుభ్రంగా స్నానం చేసి దిగే కొలనులో ఆ ఘాటు తక్కువగా ఉంటుంది. ఇక్కడ అది లేదు. కాస్త గంధకం వాసన మాత్రం ఉంది, మొదట్లో ముక్కు మూసుకున్నాను, ఓ గంటకి అలవాటైపోయింది.

గోడ మీద డిగ్రీలు రాసి ఉన్నాయి. మొదటి కొలను దాదాపు ఒంటి వేడికి సమానం, తర్వాతది 40, పక్కనే చన్నీళ్ల తొట్టి. మెడ దాకా మునిగి కూర్చుంటే నీళ్లు మోసేస్తాయి, శరీర బరువులో దాదాపు పదో వంతు మాత్రమే కింద ఆనుతుంది. నా భుజాలు అన్ని నెలలుగా ఎంత పైకి బిగించుకుని ఉన్నానో అవి కిందికి జారినప్పుడే తెలిసింది. నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపే పనిలో పడతాయి. అందుకే నీళ్లలో కూర్చున్న కాసేపటికే బాత్రూమ్ గుర్తొస్తుంది. చెమట సంగతి సరేసరి. బయటికి రాగానే నీళ్లు తాగమని మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే.

పావుగంట తర్వాత లేవబోతే, కొలను చూసుకునే పెద్దావిడ చేయి అడ్డం పెట్టింది.

"ఒక్కసారిగా లేవకండి మేడమ్. ముందు ఆ మెట్టు మీద కూర్చోండి. నడుము దాకా బయటికి రానివ్వండి."

కూర్చున్నాను. నిజంగానే తల కాస్త తేలిపోయినట్టయింది, కళ్ల ముందు చుక్కలు కనిపించాయి, క్షణాల్లో సర్దుకుంది. ఆవిడ నా మొహం వంకే చూస్తూ, రంగు మామూలయ్యాక "ఇప్పుడు లేవండి" అంది. అక్కడున్న అన్ని రోజుల్లో నాకు అందిన వాటన్నిట్లోకీ విలువైన సేవ ఏదంటే ఇదే చెబుతాను. అలంకరణ ఎంతైనా చేయొచ్చు, "మనల్ని ఒకరు గమనిస్తున్నారు" అన్న భరోసా మాత్రం మనుషులే ఇవ్వాలి. ఆ తర్వాత ఒళ్లు వదులు చేయడానికి నాకు భయం వేయలేదు.

ఆవిరి గది గురించి ఒక మాట. "టాక్సిన్లన్నీ చెమటలో పోతాయి" అని బోర్డు పెట్టారు. పోయేది ఎక్కువగా నీరూ ఉప్పూనే, ఒంట్లో మలినాలను తీసే పని కాలేయం, మూత్రపిండాలది. అలాగని ఆ వేడిలో ఏమీ లేదనలేం. తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది నడివయసు మగవాళ్లను సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, వారంలో ఎక్కువసార్లు పొడి వేడి గదికి, అంటే సౌనాకి, వెళ్లేవాళ్లలో గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. సౌనా వల్లే తగ్గాయా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా వెళ్లారా అన్నది అలాంటి పరిశోధన తేల్చలేదు. ఉన్న మంచిని ఉన్నట్టు చెప్పుకోవచ్చు కదా, టాక్సిన్ల కథ దేనికి?

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, విశ్రాంతి గది. బ్రోషర్‌లో దానికి ఒక ఫొటో కూడా లేదు. నీళ్లకీ నీళ్లకీ మధ్య అరగంట అక్కడ పడుకోవాలని డాక్టరమ్మ రాసిచ్చారు. పొడవాటి గది, వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీకీ దుప్పటి. వెలుతురు తక్కువ. పాట లేదు, టీవీ లేదు. ఎదురుగా గోడంతా గాజు, అవతల చెట్లు. మాట్లాడకూడదని ఎక్కడా రాయలేదు గానీ ఎవరూ మాట్లాడలేదు.

మొదటిసారి పడుకున్నప్పుడు చేయి ఫోన్ కోసం వెతికింది, జేబు లేని గౌనులో. తర్వాత మనసు మెయిళ్ల వైపు పోయింది, జవాబివ్వనివీ, ఇవ్వాల్సినవీ. ఆ తర్వాత విసుగు, అది కాసేపు బాగానే బాధపెట్టింది. లేచి వెళ్లిపోదామా అనుకున్నాను. ఇంతలో ఒక కొమ్మ మీద దృష్టి పడింది. గాలికి ఆ కొమ్మ ఊగడం, ఆగడం, పక్క కొమ్మ అందుకోవడం, ఆకు వెనకవైపు తెల్లగా తిరగడం. చూస్తూ ఉంటే ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. పక్క కుర్చీ ఆవిడ లేచిన చప్పుడుకి మెలకువ వచ్చింది.

రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వవేత్తలైన దంపతులు దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. పట్టుబట్టి ఒకదాని మీద దృష్టి నిలపడం అలసట తెస్తుంది, ఆకులూ మబ్బులూ నీళ్లలాంటివి బలవంతం లేకుండా దృష్టిని పట్టుకుంటాయి కాబట్టి ఆ అలసిన శక్తి తిరిగి కూడుకుంటుంది అన్నది వాళ్ల వాదన. అంతకంటే గట్టి ఉదాహరణ రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో రాసింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీశాడు. కొందరి గది కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, కొందరికి ఇటుక గోడ. వయసు, ఆరోగ్యం లాంటివి సరిపోల్చి జతలు కట్టి చూస్తే, చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. 46 మంది మీద చేసిన చిన్న పరిశీలనే. అయినా ఆసుపత్రులు కట్టేవాళ్ల ఆలోచనని మార్చింది.

పాత స్పా ఊళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. బెల్జియంలోని స్పా, ఇంగ్లండ్‌లోని బాత్, జర్మనీలోని బాడెన్-బాడెన్, ఫ్రాన్స్‌లోని విషీ, చెక్ దేశంలోని కార్లోవీ వారీ లాంటి 11 ఊళ్లను కలిపి యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊట ఒక్కటే చూసి చేర్చలేదు. ఊట చుట్టూ కట్టిన ఉద్యానాలు, సంగీత మందిరాలు, వాన పడినా నడవగలిగే స్తంభాల మండపాలు, కొండదారులు, అన్నీ కలిపే చికిత్స అని ఆ ఊళ్ల లెక్క. కార్లోవీ వారీలో వేడి ఊటనీరు కప్పులో పట్టుకుని మెల్లగా తాగుతూ ఆ మండపాల్లో నడుస్తారు. నీళ్లలో ఖనిజాలు ఎంత పనిచేస్తాయో గానీ, తొందర లేకుండా నడవడం, నలుగురిని చూడడం, వేళకి పడుకోవడం తప్పకుండా పనిచేస్తాయి. ఇప్పటి రిసార్టుల్లో చాలావాటికి ఊట ఉంటుంది, మసాజ్ మెనూ ఉంటుంది, కూర్చోవడానికి చోటు మాత్రం ఉండదు. కూర్చుంటే బిల్లు రాదు మరి.

మసాజ్ సంగతికొస్తే, ఒత్తినంతసేపూ బాగుంది. ఆ అమ్మాయి చేతిలో పనితనం ఉంది, మెడ కింద బిగిసిన చోటు నేను చెప్పకుండానే పట్టుకుంది. కానీ అయిపోయిన మరుక్షణం, నేనింకా బల్ల మీద బోర్లా ఉండగానే, "మేడమ్, మీ భుజాలు చాలా టైట్‌గా ఉన్నాయి, ఇంకో ప్యాకేజీ తీసుకుంటే మంచిది" అని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, టార్గెట్ పెట్టి ఉంటారు. కానీ నా మెడ మళ్లీ బిగుసుకున్న చోటు సరిగ్గా అదే. ఒళ్లు వదులైనప్పుడు మనిషి కాదనలేడు, ఆ సమయం చూసి అమ్మడం నాకు ఏమాత్రం నచ్చలేదు. వద్దని చెప్పి నేరుగా విశ్రాంతి గదికి వెళ్లాను. ఆ చిరాకు వదలడానికి ఇంకో అరగంట పట్టింది.

మా ఆయనకి ఇదంతా పడలేదు. నీళ్లలో కాసేపు కూర్చోగానే "అయిందా?" అనే రకం. వాలు కుర్చీలో పడుకుంటే ఆయనకి ఇంకా చిరాకు. చివరికి రోజూ పొద్దున్నే కొండదారిన నడకకి వెళ్లడం మొదలుపెట్టారు. మొదట సగం దాకా, తర్వాత పైదాకా. చెమటతో, మోకాళ్ల నొప్పితో తిరిగొచ్చి, నాకంటే ఉల్లాసంగా భోజనానికి కూర్చునేవారు. సబీన్ సొనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వవేత్తలు 2007లో పని అలసట ఎలా తీరుతుందో కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. పని ఆలోచనలు తెగిపోవడం, ఒళ్లూ మనసూ వదులవడం, కొత్తది ఏదైనా సాధించడం, మన సమయం మన చేతుల్లో ఉండడం అని నాలుగు విడదీసి చూశారు. నాకు మొదటి రెండూ దొరికాయి, ఆయనకి తర్వాతి రెండూ. స్పా అంటే అందరూ పడుకోవాల్సిందే అని టైమ్ టేబుల్ వేసే చోట్లు మా ఆయనలాంటివాళ్లకి శిక్షే.

నిద్ర సంగతి. కొత్త చోటికి అలవాటుపడి మెదడు కాపలా దిగాక, రాత్రి భోజనానికి ముందు ఒకసారి 40 డిగ్రీల కొలనులో కూర్చుని, పడుకునే వేళకి ఒంటి వేడి దిగేలా చూసుకున్నాను. ఇది డాక్టరమ్మ సలహా. నిద్ర రావాలంటే శరీరం లోపలి వేడి కాస్త తగ్గాలి. వేడినీళ్లకి చేతులూ పాదాల్లో రక్తప్రసరణ పెరిగి, బయటికి వచ్చాక లోపలి వేడి తొందరగా దిగుతుంది. టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి 2019లో తేల్చింది కూడా ఇదే. 40 నుంచి 42 డిగ్రీల నీళ్లతో, పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు, పది నిమిషాలు చేసినా చాలు, నిద్ర త్వరగా పడుతుంది. పడుకోబోయే ముందు చేస్తే ఇంకా వేడిగానే ఉంటాం. నాకు ఆ తర్వాతి రాత్రుల్లో మూడింటి మెలకువ మెల్లగా నాలుగున్నరకి, ఒకరోజు ఏకంగా తెల్లారాక కాకి అరుపుకి మారింది.

గదిలో ఒక్క లోపం ఉండేది. ఏసీ సన్నగా మూలుగుతూ ఉండేది. పడకగదిలో రాత్రిపూట ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది, గుసగుసకి దగ్గరి లెక్క అది. రిసెప్షన్‌లో చెబితే మనిషిని పంపుతామన్నారు, ఎవరూ రాలేదు. ఏసీ ఆపేసి కిటికీ తెరుచుకుని పడుకున్నాం. కొండగాలి ఉంది కాబట్టి సరిపోయింది.

వెళ్లే రోజు మాత్రం చిరాకు పెట్టారు. మేం వాడని సేవలు బిల్లులో కలిపారు, అవి తీయించేసరికి గంట పట్టింది. ఆ తర్వాత నవ్వుతూ ఒక ట్యాబ్ చేతికిచ్చి రేటింగ్ ఇమ్మన్నారు. ఏదైనా అనుభవాన్ని మనం గుర్తుపెట్టుకునేది దాని మొత్తం నిడివిని బట్టి కాదు, తారస్థాయిని బట్టి, ముగింపుని బట్టి అని మనస్తత్వవేత్త డేనియల్ కానెమాన్ బృందం 1993లో చూపించింది. 14 డిగ్రీల చన్నీళ్లలో నిమిషంపాటు చేయి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషానికి, నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కే మరో అరనిమిషం కలిపారు. ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది ఎక్కువసేపు బాధపడ్డదాన్నే ఎంచుకున్నారు, చివర కాస్త తేలికపడింది కాబట్టి. ఇంత పెట్టి కొలనులు కట్టినవాళ్లు బిల్లు కౌంటర్ దగ్గర ఒక మంచి మనిషిని ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇంటికొచ్చాక నిద్ర కొన్నాళ్లు బాగానే ఉంది. భుజాలు ఆఫీసులో అడుగుపెట్టిన వారంలోనే మళ్లీ పైకెక్కడం మొదలైంది. నెదర్లాండ్స్‌లో జెస్సికా డి బ్లూమ్ బృందం సెలవుల మీద చేసిన పరిశోధనల్లోనూ ఇదే వచ్చింది, పనిలో చేరిన మొదటి వారంలోనే లాభం చాలామటుకు కరిగిపోతుంది. ఈసారి తిరిగొచ్చాక ఒక రోజు ఇంట్లో ఉండి, ఆ తర్వాతే ఆఫీసుకి వెళ్లేలా టిక్కెట్లు తీసుకోవాలని అనుకుంటున్నాం. రాత్రి భోజనానికి ముందు వేడినీళ్ల స్నానం మాత్రం మానలేదు, ఫోన్ పడకగది బయటే ఉంటోంది.

మళ్లీ వెళ్తామా అంటే వెళ్తాం. కాకపోతే బుక్ చేసేముందు మసాజ్‌ల జాబితా అడగను. ఒకేసారి కొలనులోకి ఎంతమందిని పంపుతారు, డాక్టర్ చూస్తారా, ఫోన్లు లోపలికి రానిస్తారా, విశ్రాంతి గది ఉందా, దానికి కిటికీ ఎటువైపు అని అడుగుతాను. మా ఆయన నడకదారి ఎంత పొడవో అడుగుతారు.